సెగ్వే మీద మంగళగిరి చూడొచ్చా?

ప్రశ్న: విదేశాల్లో పాత నగరాలను గైడ్ వెంట సెగ్వే మీద తిరిగి చూస్తారట. మంగళగిరిని అలా చూడటం వీలవుతుందా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: అమెరికా ఆవిష్కర్త డీన్ కేమన్ 2001లో సెగ్వే అనే, నిలబడి నడిపే రెండు చక్రాల బండిని లోకానికి చూపించారు. ఒంటి వాలును లోపలి గైరోస్కోపులు పసిగడతాయి. ముందుకు వాలితే కదులుతుంది, వెనక్కి వాలితే నెమ్మదిస్తుంది. అందుకే టూరుకు ముందు హెల్మెట్ పెట్టించి, ఖాళీ స్థలంలో కాసేపు సాధన చేయించాలి.

మెట్లెక్కడం మాత్రం సెగ్వే వల్ల కాదు.

మంగళగిరి అందమంతా ఆగి చూడాల్సిందే. లక్ష్మీనరసింహస్వామి ఆలయ తూర్పు గాలిగోపురం 11 అంతస్తులు, 153 అడుగులు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09లో కట్టించారు. 1515లో శ్రీకృష్ణదేవరాయల సేన కొండవీడును గెలిచిన సంగతి ఇక్కడి శాసనంలో ఉంది. మెట్లున్న కొండమీద పానకాలస్వామికి బెల్లం పానకమే నైవేద్యం. చేనేత వీధుల్లో నిజాం అంచు చీరలు నేస్తారు.

పాదచారులకు ఇబ్బందని ప్రేగ్ నగరం 2016లో తన చారిత్రక కేంద్రంలో సెగ్వేలను నిషేధించింది. రెండు చక్రాల అసలు సెగ్వే తయారీ కూడా 2020లో ఆగిపోయింది. కాబట్టి మంగళగిరికి నడకే మేలు. ఎండ ముదరకముందే బయల్దేరండి, ఊరి చరిత్ర తెలిసినవారిని వెంట తీసుకెళ్లండి.