వెనక వేలాడే బరువు: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: కారు వెనక తగిలించుకునే చిన్న క్యాంపర్ ట్రైలర్ చేయించుకున్నాం. ఇద్దరు పడుకోవచ్చు. వేసవి సెలవుల్లో నాగార్జునసాగర్ పోదామనుకుంటున్నాం. రెండు సైకిళ్లు, పదడుగుల ప్లాస్టిక్ కయాక్ కూడా తీసుకెళ్లాలి. ట్రైలర్ వెనక సైకిళ్ల స్టాండు వెల్డింగ్ చేయిస్తానంటున్నాడు మా బామ్మర్ది. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: వద్దండీ. బామ్మర్ది మాట కాదనడం కష్టమే, అయినా వద్దు. ఎద్దుబండిలో వెనక బస్తాలు ఎక్కువైతే కాడి పైకి లేచి పలుపులు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. మీ ట్రైలర్‌కూ ఇరుసు ఒక్కటే, లెక్కా అదే. 500 కిలోల ట్రైలర్ అయితే హుక్కు మీద కనీసం 50 కిలోల బరువు పడాలి. హుక్కుకూ ఇరుసుకూ మధ్య రెండున్నర మీటర్లు అనుకుందాం. ఇరుసుకు రెండు మీటర్ల వెనక సైకిళ్లూ స్టాండూ కలిపి 40 కిలోలు వేలాడదీశారంటే హుక్కు మీద 32 కిలోలు తగ్గిపోతాయి. మిగిలేది 18. ఇక పిడుగురాళ్ల దాటాక సిమెంటు లారీ ఒకటి పక్కనుంచి దూసుకెళితే చాలు, ఆ గాలికే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. ఊగేటప్పుడు కంగారుపడి బ్రేకు తొక్కకండి, వేగం పెంచకండి. స్టీరింగ్ నేరుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి, దానంతటదే సర్దుకోవాలి.

బయల్దేరే ముందు సామాన్లన్నీ ఎక్కించి, హుక్కు కొసను మిరప బస్తాలు తూచే కాటా మీద చెక్కదిమ్మె పెట్టి ఆనించండి. ట్రైలర్ సమంగా నిలవాలి. బరువు అక్కడే తెలిసిపోతుంది. పల్నాడులో కాటాకు కరువు లేదు.

సైకిళ్లు ఎక్కడ పెట్టాలంటే, ట్రైలర్ లోపలే. దారిలో పడక ఖాళీయే కదా! ముందు చక్రాలు ఊడదీసి, ఇరుసుకు కాస్త ముందుగా నేలమీద పడుకోబెట్టి కట్టేయండి. హుక్కు కడ్డీ మీద నిలబెట్టే పద్ధతి కూడా ఉంది గానీ, ఇరుకు మలుపులో హ్యాండిల్ వెళ్లి కారు వెనక అద్దానికి గుచ్చుకునే ప్రమాదం ఉంది.

కయాక్ కారు పైకే. అడ్డకడ్డీల మీద బోర్లించి రెండు చోట్ల వెడల్పు బెల్టులు వేయండి, ముందు కొసనూ వెనక కొసనూ విడివిడిగా తాళ్లతో కిందికి కట్టండి. నులక, చీరపేలిక పనికిరావు. వెనక కొస బాగా బయటికి వచ్చిందంటే మలుపులో ట్రైలర్ మూలకు కొట్టుకుంటుంది, అందుకని ఇంటి ముందే స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూసుకోండి. బెల్టులు మరీ బిగించకండి. రెంటచింతల ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? వేడెక్కిన ప్లాస్టిక్ బెల్టు కింద సొట్టపోతుంది. మధ్యమధ్య నీడన ఆగి సరిచూసుకోవాలి.

చేయించుకున్నాం అన్నారు గానీ కాగితాల ఊసెత్తలేదు. చట్టం దృష్టిలో ట్రైలరూ మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి, లాగే బండి నంబరు ట్రైలర్ వెనక కూడా కనబడాలి. మీ కారు ట్రైలర్ లాగవచ్చో లేదో కంపెనీ పుస్తకంలో చూడండి. లాగొద్దని ఉంటే వెల్డింగ్ షాపు ఎంత ధైర్యం చెప్పినా ఆపేయండి. అనుమతించిన కొలతలు దాటి సామాను బయటికి పొడుచుకొస్తే 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, పైగా ఆ సామాను దించిన ఖర్చూ మీదే.

ప్రశ్న: శివరాత్రికి కోటప్పకొండకు ట్రాక్టరు ట్రక్కులో పిల్లాపాపలతో వెళ్తాం. అక్కడ తిరగడానికి సైకిళ్లు వెనక తలుపుకు కడతాం. తప్పా?
– ఒక రైతు, రొంపిచర్ల మండలం

జవాబు: సైకిళ్ల సంగతి తర్వాత. ట్రక్కు సరుకులకు, మనుషులకు కాదు. జరగరానిది జరిగితే అందులో కూర్చున్నవాళ్లకు బీమా సొమ్ము రావడం కూడా కష్టమే. పిల్లల్ని ఆర్టీసీ ప్రత్యేక బస్సెక్కించండి. సైకిళ్లు ట్రక్కు లోపలే పడుకోబెట్టండి. వెనక కడితే ఎర్రదీపాలు, మెరిసే బిళ్లలు కనబడవు, ఆ రాత్రి ఆ దారిలో ప్రభల వెనక ఎన్ని బండ్లుంటాయో నాకన్నా మీకే బాగా తెలుసు.

ప్రశ్న: ఎత్తిపోతల గుండంలో కయాక్ వేయవచ్చా సార్?
– ఒక విద్యార్థి, గురజాల

జవాబు: అక్కడ మొసళ్లున్నాయి నాయనా. సాగర్ జలాశయంలోనూ అనుమతి లేకుండా దిగకూడదు, ఆ గట్లలో చాలా మేర పులుల అభయారణ్యం. నీళ్లమీద తిరగాలని అంత సరదాగా ఉంటే విజయపురి సౌత్‌లో టికెట్టు కొనుక్కుని నాగార్జునకొండ లాంచీ ఎక్కు.