బోరు చేయించాలా, కారే మార్చాలా?

ప్రశ్న: 2010లో కొన్న మా మారుతి 800 నీలం పొగ వదులుతోంది. మెకానిక్ బోరు చేయించమంటున్నాడు. సత్తుపల్లి దాకా, ఎప్పుడైనా భద్రాచలం వెళ్తాం, అంతే. అమ్మేయమంటారా?
– ఓ పాఠకుడు, వేంసూరు

జవాబు: తొందరపడకండి. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందన్నమాట. బోరు చేయించాల్సినంతగా పిస్టన్ రింగులే అరిగి ఉండాలనేం లేదు, వాల్వు సీళ్లు పోయినా అంతే; వాటికయ్యే ఖర్చు చాలా తక్కువ. ఏది పోయిందో తేలడానికి ముందు కంప్రెషన్ పరీక్ష చేయించండి. 800 తయారీ 2014లోనే ఆగినా ఆ ఇంజన్ ఓమ్నీలో 2019 దాకా వచ్చింది, సామానుకు ఢోకా లేదు.

అసలు చూడాల్సింది కారు అడుగుభాగం. అక్కడ తుప్పుపట్టి చిల్లులు పడితే ఇంజన్‌కు పెట్టేదంతా బూడిదలో పోసిన పన్నీరే. పైగా 15 ఏళ్లు నిండాయి. ఫిట్‌నెస్ నెగ్గితేనే రిజిస్ట్రేషన్ మరో 5 ఏళ్లు పొడిగిస్తారు. ఫీజు 5,000 రూపాయలు.

అడుగు గట్టిగా ఉంటే బాగుచేయించుకోండి. మీ తిరుగుడుకు కొత్త కారు వాయిదాలు దండగ.