ముందు పాత పంచె, తర్వాతే పొందూరు ఖద్దరు

పొందూరు ఖద్దరంటే మనవైపు పంచె, కండువా, మహా అయితే లాల్చీ. ఒంటిని పట్టి ఉండే వెయిస్ట్‌కోటు ఆ గుడ్డతో కుడతానంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వడంలో న్యాయమూ ఉంది. కోటుకి బిగువు కావాలి, ఖద్దరుకి గాలి ఆడాలి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే ఇక్కడ అసలు పని. 1966లో పారిస్‌లో ఈవ్ సేంట్ లారెన్ మగవాళ్ల విందు సూటుని ఆడవాళ్ల ఒంటికి మలిచి ‘ల స్మోకింగ్’ అని పేరు పెట్టాడు. ఆ పోలికలోనే నడుము దగ్గర నొక్కుకుని, ముందు కొసలు కోణంగా దిగే చేతుల్లేని కోటు ఫొటో ఒకటి మా అక్క కూతురు ఫోన్లో చూపించి, “పిన్నీ, ఇది మన పొందూరు గుడ్డలో కుడితే?” అంది. కుట్టొచ్చు. కాకపోతే సగం పని అయ్యేదాకా ఆ గుడ్డ మీద కత్తెర పెట్టకూడదు.

గుడ్డ సంగతి ముందు తేల్చుకుందాం. పొందూరు సన్న ఖద్దరు కొండపత్తితో వస్తుంది. గింజ చుట్టూ ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నపళ్లు చెత్తని పట్టేసి, దూదిని ఒక వరసకి తెస్తాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, ఎండిన అరటిదొప్పలో దాచుకుని చరఖా మీద వడుకుతారు. నూరో నంబరు నూలు చేత్తో తియ్యగలగడం వెనక ఇంత చాకిరీ ఉంది. కుట్టేవాళ్లు పట్టించుకోవాల్సింది ఏమిటంటే, చేతి నూలు కాబట్టి ఒక పోగు సన్నం, ఒక పోగు లావు. గుడ్డ అన్నిచోట్లా ఒకేలా సాగదు. కోసిన అంచు చూస్తుండగానే పోగులు విడుస్తుంది. సన్నరకమైతే వెలుతురుకి పట్టినప్పుడు అవతలున్న చెయ్యి కనబడుతుంది. అందుకని పంచె గుడ్డ కాకుండా కాస్త ముతకగా ఉండే షర్టు గుడ్డ అడగండి. పొందూరులో 1949 నుంచీ ఉన్న ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం దగ్గర రెండూ పక్కపక్కన పెట్టి, చేత్తో నలిపి చూస్తే తేడా తెలుస్తుంది. 44 అంగుళాల పన్నా అయితే నడుము కిందికి కాస్త దిగే కోటుకి మీటరుంపావు సరిపోతుంది. లైనింగుకి జారుడు శాటిన్ వద్దు. మన కోస్తా ఉక్కలో అది వీపుకి అతుక్కుపోతుంది. జాకెట్లకి వేసే పల్చటి కాటన్ లైనింగే మేలు. రెండు గుడ్డల్నీ రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యాలి. కుంగేదేదో కుట్టకముందే కుంగిపోవాలి.

ఇక ప్యాటర్న్. మన టైలర్లకి ఇది కొత్త. విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో నేను ఎప్పుడూ వెళ్లే టైలరు ఆ కాగితాలు చూసి, “ఇదేటమ్మా, ఇన్ని ముక్కలు? ఆది జాకెట్టు ఇచ్చీండి, నాను సూసుకుంటాను” అన్నాడు. ఆది పద్ధతికి వంక పెట్టలేం. ఒంటికి సరిపోయిన జాకెట్టు ఒకటి ఉంటే దాన్నిబట్టి వంద కుట్టొచ్చు. కాకపోతే ఇలాంటి కోటు మన ఇళ్లలో ముందు ఉండాలిగా, ఆది ఇవ్వడానికి! అందుకే కాగితం. సైజులవారీగా కాగితం ప్యాటర్న్‌లు అమ్మడం అమెరికాలో ఎబెనీజర్ బటరిక్ 1863లో మొదలుపెట్టాడు. ఇప్పుడు జర్మనీ వాళ్ల బుర్దా ప్యాటర్న్‌లు మనకీ దొరుకుతున్నాయి. వాళ్ల మామూలు సైజులన్నీ 168 సెంటీమీటర్ల ఎత్తు, అంటే అయిదడుగుల ఆరంగుళాల మనిషిని మనసులో పెట్టుకుని గీసినవి. మా అక్క కూతురు అయిదడుగుల ఒక అంగుళం. ఇంకేముంది, కాగితంలో నడుమున్నచోట ఆమెకి నడుము ఉండదు.

సైజు ఎంచుకునేటప్పుడు ఛాతీ నిండుకొలత కాదు, చంకల కిందుగా ఛాతీ పైభాగం చుట్టూ తీసిన కొలత చూడండి. భుజం, మెడ, చంక కుదిరితే మిగతాది పెంచొచ్చు, తగ్గించొచ్చు. భుజం తప్పితే ఎవరూ కాపాడలేరు. ప్యాటర్న్‌ని బ్రౌన్ పేపరు మీదకి దించుకోండి. న్యూస్ పేపరైతే ఇంకు తెల్లగుడ్డకి అంటుతుంది. పొడవు తగ్గించడానికి ఛాతీకీ నడుముకీ మధ్య అడ్డంగా గీతగీసి, ముప్పావంగుళం మడిచి అతికించాలి. ముందూ వెనకా ముక్కలన్నిటికీ అంతే. కిందనుంచి కత్తిరిస్తే నడుము నొక్కు ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇప్పుడు పాత పంచె తియ్యండి. ఆ కాగితంతో పంచె ముక్కలు కోసి, మిషను మీద వీలైనంత పొడుగు కుట్టు పెట్టి, లైనింగు లేకుండా కోటు కుట్టెయ్యండి. ఏ షర్టు మీద వేసుకుంటారో ఆ షర్టు మీదే తొడిగి, ముందు పిన్నులు పెట్టి, అద్దం ముందు నిలబెట్టండి. స్కూటీ హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపమనండి. కుర్చీలో కూర్చోమనండి. గుడ్డ ఎక్కడ చాలక ఏడుస్తోందో, ఎక్కడ మిగిలి బద్ధకిస్తోందో ముడతలే చెబుతాయి. ముడతలు గీతల్లా ఛాతీవైపు చూపిస్తుంటే అక్కడ గుడ్డ చాల్లేదని అర్థం. వీపు మీద నడుముకి పైన అడ్డంగా మడతలు పడితే పొడవు ఇంకా ఎక్కువ ఉంది. చంక ముందు అంచు ఒంటికి దూరంగా నోరు తెరిస్తే అక్కడ గుడ్డ మిగిలింది.

మా అక్క కూతురికి మొదటిదీ మూడోదీ కలిసి వచ్చాయి. చాలామందికి అలాగే వస్తాయి. చంక నుంచి కిందికి దిగే ప్రిన్సెస్ కట్ ఉన్న ప్యాటర్న్ తీసుకోమనేది అందుకే. రెండు జబ్బులకీ మందు ఆ ఒక్క కుట్టులోనే ఉంది. చంక దగ్గర మిగిలిన పావంగుళాన్ని పిన్నుతో పట్టి ఆ కుట్టులోకే లాగెయ్యాలి. ఛాతీ దగ్గర కుట్టు విప్పేస్తే గుడ్డ తనంతట తనే తెరుచుకుంటుంది. ఆ సందు ఎంతో కొలిచి, పక్కముక్క వంపులో అంత కలపాలి. వంపు పెరిగిందంటే దాని పొడవూ పెరిగినట్టే, కాబట్టి మధ్యముక్కని ఛాతీ గీత మీద అడ్డంగా కోసి, ఆ తేడా ఎంతో అంత జరపాలి. ఇది మర్చిపోతే రెండు అంచులూ కలవవు. బలవంతంగా కలిపితే కుట్టు పొడుగునా కుచ్చులు పడతాయి. ఛాతీ చుట్టూ రెండంగుళాల వదులు ఉండనివ్వండి. అంతకంటే బిగిస్తే పొందూరు పోగు కుట్టు దగ్గర విడిపోతుంది. ఫొటోలో ఉన్న బిగువు ఈ గుడ్డకి రాదు, రానక్కర్లేదు కూడా.

మార్పులన్నీ కాగితం మీదకి ఎక్కించాక ఖద్దరు పరవండి. ఒక పేక పోగు లాగి, ఆ జాడలో కోస్తే అడ్డం తిన్నగా వస్తుంది. పడుగు కోటు పొడవునా దిగాలి. మార్జిను మెడకీ చంకకీ పావంగుళం, ప్రిన్సెస్ కుట్టుకి అరంగుళం, పక్కలకి మాత్రం నిండుగా అంగుళం. కోసిన వెంటనే మెడా చంకా అంచుల్లో ఒక వరస మిషను కుట్టు వెయ్యాలి, లేకపోతే సాగిపోతాయి. ముందు అంచులకి ఇస్త్రీతో అతికే ఫ్యూజింగ్ వెయ్యకండి. ఉతికాక బుడగలు లేస్తాయి. నానబెట్టి ఆరేసిన ఆర్గండీ పట్టీ లోపల కుట్టుకోవడమే నయం. సూది 11వ నంబరు చాలు.

పైగుడ్డకీ లైనింగుకీ విడివిడిగా భుజాలు కలిపి, మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, ముందు అంచులు, మెడ, చంకలు కుట్టాలి. పక్కలు తెరిచే ఉండాలి. వంపుల్లో గాట్లు పెట్టి, ముందు భాగాల్ని ఒక్కొక్కటిగా భుజం సొరంగంలోంచి వెనక్కి లాగితే కోటు తిరగబడి మంచివైపు బయటికి వస్తుంది. మొదటిసారి చూసేవాళ్లకి ఇది గారడీలాగే ఉంటుంది. ఇక్కడితో ప్యాటర్న్‌తో వచ్చిన పుస్తకాన్ని మూసెయ్యమంటాను. పక్కల్ని పైగుడ్డా లైనింగూ కలిపి ఒకే కుట్టులో మూసెయ్యమంటాయి ఆ ప్యాటర్న్‌లు. నీటుగానే ఉంటుంది, కానీ మళ్లీ విప్పడానికి వీలుండదు. మన జాకెట్ల లోపల పక్కన రెండుమూడు వరసల కుట్లు ఊరికే ఉండవు కదా. కోటుకీ అదే చేద్దాం. పైగుడ్డ పక్కల్ని పావంగుళం ఎడంతో రెండు వరసలు మిషను మీద కుట్టి, మార్జిను ఒకవైపుకి వాల్చి ఇస్త్రీ చేసి, లైనింగు పక్కల్ని దాని మీదకి మడిచి చేతికుట్టుతో మూసెయ్యాలి. కింది అంచూ చేతికుట్టే.

బొత్తాల్లో మొదటిది ఛాతీ నిండుగా ఉన్న గీత మీదే పడాలి. మిగతావాటికి దాన్నుంచి పైకీ కిందికీ రెండున్నర అంగుళాల చొప్పున గుర్తులు పెట్టుకోండి. కాజాలు చేత్తో కుట్టించండి. ఖద్దరు మీద మిషను కాజా కొన్నాళ్లకే పీచు లేస్తుంది. పైడితల్లమ్మ సిరిమాను ముందు వారాల్లో విజయనగరంలో కాజాల మనిషి దొరకడు, ముందే ఇచ్చుకోండి. వచ్చే ఏడాదికి అమ్మాయి కాస్త ఒళ్లు చేస్తే, లైనింగు చేతికుట్టు విప్పి ఒంటివైపు వరస తీసేస్తే చాలు. ఒక్కో పక్కన అరంగుళం, మొత్తం మీద అంగుళం వదులు దొరుకుతుంది.