హాఫ్ అన్నారా, హ్యావ్ అన్నారా?

ఈసారి గోడపత్రికలో నాకు ఇంగ్లీషు పాఠం రాయమన్నారు. నేను గ్రామర్ రాయడం లేదు. ఇంగ్లీషు మాటలు మన చెవికి ఎందుకు తప్పుగా వినపడతాయో, అప్పుడు ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. మొన్న వానాకాలంలో మా రూములో ఉండే ఐదో తరగతి చెల్లెకు జ్వరం వచ్చింది. ఆయమ్మతో పాటు నేను కూడా ఆస్పత్రికి పోయినాను. డాక్టరు గారు చీటీ రాస్తూ "హాఫ్ టాబ్లెట్, నైట్" అన్నారు. నాకు "హ్యావ్ టాబ్లెట్" అని వినపడింది. హ్యావ్ అంటే తీసుకోవడం కదా, రాత్రికి గోలీ వేసుకోమన్నారు అనుకున్నా. ఆయమ్మ "ఏమన్నారమ్మా?" అంటే "రాత్రికి ఒక గోలీ" అని గొప్పగా చెప్పేసినా. రాత్రి చెల్లె చేతిలో గోలీ పెట్టి నీళ్లు ఇస్తుంటే మేడం గారు వచ్చి చీటీ చూశారు. అందులో పైన ఒకటి, గీత, కింద రెండు ఉంది. అంటే సగం గోలీ! చెల్లె ఇంకా మింగలేదు కాబట్టి సరిపోయింది. నిజం చెప్పాలంటే డాక్టరు గారి దగ్గరే నాకు అనుమానం వచ్చింది. మళ్లీ అడిగితే "తొమ్మిదో తరగతి పిల్లవు, ఇది కూడా రాదా" అంటారని సిగ్గుపడి అడగలేదు.

తప్పుగా ఎందుకు వినపడతాయి?

1) కొన్ని శబ్దాలు మనకు ఒకటే. ఇంగ్లీషులో వీ అక్షరానికి ఒక శబ్దం, డబ్ల్యూకి ఇంకో శబ్దం. మనం రెంటికీ 'వ' ఒక్కటే రాస్తాం. అందుకే వెస్ట్ అంటే పడమరో, లోపల తొడుక్కునే బనియనో తెలియదు. పడమరకు ముందు డబ్ల్యూ, బనియనుకు ముందు వీ. వీ పలికేటప్పుడు పైపళ్లు కింది పెదవికి తగలాలి. డబ్ల్యూకి పళ్లు తగలకూడదు, పెదవులు గుండ్రంగా పెట్టాలి. అద్దం ముందు చేసి చూడండి.

2) తెలుగులో రాసుకుంటే రెండు మాటలు ఒకటైపోతాయి. చివరిది అనడానికీ లాస్ట్ అంటాం, పోయింది అనడానికీ లాస్ట్ అంటాం. మొదటి దాంట్లో ఎల్ తర్వాత ఏ ఉంటుంది, రెండో దాంట్లో ఓ ఉంటుంది.

3) ఇంగ్లీషు వాళ్లు మాటలు కలిపేస్తారు. "ఫిఫ్టీన్ నోట్‌బుక్స్" అని గబగబా అంటే ఫిఫ్టీన్ చివర ఉన్న 'న్' పోయి నోట్‌బుక్స్‌లో కలిసిపోతుంది. మనకు ఫిఫ్టీ అని వినపడుతుంది. పదిహేను ఎక్కడ, యాభై ఎక్కడ! ఒక గుర్తు ఉంది. ఫిఫ్టీ అనేటప్పుడు ముందు భాగం గట్టిగా పలుకుతారు. ఫిఫ్టీన్ అని విడిగా అనేటప్పుడు చివరి భాగం సాగదీసి గట్టిగా పలుకుతారు. థర్టీన్–థర్టీ, ఫోర్టీన్–ఫోర్టీ కూడా ఇంతే.

4) అక్షరాలు అటూ ఇటూ అయితే మాటే మారుతుంది. క్వయట్ అంటే నిశ్శబ్దం, చివర ఈ, టీ. క్వైట్ అంటే చాలా, చివర టీ, ఈ. మన క్లాసులో సగం మంది బోర్డు మీద "బీ క్వైట్" అని రాస్తాం. నేనూ రాసినాను.

ఇది ఇంగ్లీషుతోనే వచ్చే కష్టం కాదు. మా కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. నేను హాస్టల్‌కు కొత్తగా వచ్చినప్పుడు దాహమై "ఏరు కావాలి" అన్నాను. "ఏరంతా తాగుతావా?" అని అందరూ నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు ఏదీ అడగలేదు.

కానీ ఇంగ్లీషు వాళ్లు కూడా వాళ్ల మాటలే తప్పుగా విన్నారని తెలుసా? వంటప్పుడు ముందు కట్టుకునే గుడ్డను ఏప్రన్ అంటాం. ఒకప్పుడు ఇంగ్లీషులో అది న్యాప్రన్. "ఎ న్యాప్రన్" అంటుంటే జనం "యాన్ ఏప్రన్" అని విన్నారు. అదే నిలిచిపోయింది. నిక్‌నేమ్ దీనికి తలకిందులు. అది మొదట ఈక్‌నేమ్, అంటే అదనపు పేరు. "యాన్ ఈక్‌నేమ్"లో ఉన్న 'న్' పక్కకు జరిగి నిక్‌నేమ్ అయింది. మన నారింజకు సంస్కృతంలో నారంగ అని పేరు. ఆ మాట ఐరోపాకు పోయాక ముందున్న 'న' కొన్ని భాషల్లో రాలిపోయింది. అందుకే ఇంగ్లీషులో ఆరెంజ్. తెలుగులో 'న' ఇంకా పదిలంగా ఉంది.

అన్నిటికంటే నాకు నచ్చింది సిలబస్. పుస్తకానికి అంటించే పేరు చీటీకి గ్రీకులో వేరే మాట ఉండేది. రోము పండితుడు సిసిరో తన ఉత్తరాల్లో దాన్ని రాశాడు. 15వ శతాబ్దంలో ఆ ఉత్తరాలు అచ్చు వేసేటప్పుడు ఆ మాటను తప్పుగా చదివారు. అలా పుట్టిందే సిలబస్. మనం పరీక్షలకు భయపడే సిలబస్సే ఒక అచ్చుతప్పు!

కనుక తప్పుగా వినడం సిగ్గుపడే సంగతి కాదు. అనుమానం ఉండి కూడా అడగకపోవడమే తప్పు. నేను ఇప్పుడు పాటించేవి ఇవి:

– అంకె చెప్తే తిరిగి విడివిడిగా అడగాలి. "వన్ ఫైవా, ఫైవ్ జీరోనా సార్?"
– అర్థం కాకపోతే "పార్డన్, మేడం" అనాలి. అది మర్యాద మాటే.
– కొత్త మాట చెవిన పడితే నోట్సు చివరి పేజీలో రాసుకుని, డిక్షనరీలో అక్షరాలు చూడాలి.
– మందుల సంగతైతే తెలుగులో చెప్పించుకోవాలి. చీటీ కూడా చూడాలి. ఇక్కడ ఊహ పనికిరాదు.

అడగనిదే అమ్మయినా పెట్టదు అంటారు. ఎవరైనా అడిగినప్పుడు మిగతా వాళ్లం నవ్వకపోతే, ఇంకొకరికి కూడా అడిగే ధైర్యం వస్తుంది.

ఆ చెల్లెకు జ్వరం తగ్గింది. ఇప్పుడు నన్ను "హాఫ్ అక్కా" అని పిలుస్తోంది. పిలవనీ, నిక్‌నేమే కదా!

– 9వ తరగతి విద్యార్థిని