నిలకడ

ఉద్దేశం

కెమెరా కటకంలోని ప్రతిబింబ స్థిరీకరణ వ్యవస్థ పనిచేసే తీరును వివరించడం, దానిని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ఆపాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఛాయాచిత్రానికి వెలుగే ప్రాణం. వెలుగు తగ్గినచోట ఛాయాగ్రాహకుడు షట్టరును ఎక్కువసేపు తెరచి ఉంచవలసి వస్తుంది. ఆ వ్యవధిలో ఊపిరి పీల్చినా, మీట నొక్కినా చేతిలోని కెమెరా సూక్ష్మంగా కదులుతుంది. కంటికి అందని ఆ వణుకు చిత్రంలో మసకగా మిగిలిపోతుంది.

ఈ వణుకును దృష్టిలో పెట్టుకొని ఛాయాగ్రాహకులు ఒక సూత్రాన్ని పాటిస్తూ వచ్చారు. 35 మి.మీ. ఫిల్మ్ కెమెరాలో 100 మి.మీ. నాభ్యంతరం గల కటకాన్ని వాడితే షట్టరు 1/100 సెకను కంటే ఎక్కువసేపు తెరచి ఉండరాదు. 200 మి.మీ. కటకానికి ఆ హద్దు 1/200 సెకను. నాభ్యంతరం పెరిగిన కొద్దీ దృశ్యంతోపాటు వణుకు కూడా పెద్దదిగా కనిపించడమే ఇందుకు కారణం.

1213లో రేచర్ల రుద్రుడు నిర్మింపజేసిన పాలంపేట రామప్ప దేవాలయాన్ని చూడటానికి ఒక విద్యార్థి వెళ్లాడనుకొందాం. రంగమండపంలోని నల్లరాతి స్తంభాలపై అద్భుతమైన శిల్పాలున్నాయి. అక్కడ వెలుగు తక్కువ. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్ నిలపడానికి ముందుగా అనుమతి పొందాలి. విద్యార్థికి చేతులే ఆధారం. అతని 100 మి.మీ. కటకానికి హద్దు 1/100 సెకను కాగా, అక్కడి వెలుగుకు 1/13 సెకను కావాలి.

ఇటువంటి చోట స్థిరీకరణ వ్యవస్థ అక్కరకు వస్తుంది. నికాన్ సంస్థ 1994లో ఒక చిన్న కెమెరాలో దీనిని ప్రవేశపెట్టింది. 1995లో కేనన్ సంస్థ, కెమెరాకు మార్చి మార్చి బిగించుకొనే కటకంలో దీనిని అమర్చింది. కటకంలోని గైరోస్కోపు సెన్సర్లు కెమెరా పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ తిరిగే కోణీయ వేగాన్ని కొలుస్తాయి. ఆ కొలతను బట్టి విద్యుదయస్కాంతాలు కటకంలోని కొన్ని గాజు బిళ్ళలను ప్రక్కకు జరుపుతాయి. అందువల్ల కెమెరా కదిలినా ప్రతిబింబం దాదాపు ఒకేచోట నిలుస్తుంది. షట్టరు సమయం రెట్టింపు కావడాన్ని ఒక 'స్టాప్' అంటారు. మూడు స్టాపుల సాయంతో 1/100 సెకను హద్దు 1/50, 1/25 దాటి సుమారు 1/13 సెకనుకు చేరుతుంది. విద్యార్థి పని నెరవేరింది.

అయితే ఈ వ్యవస్థ కెమెరా కదలికను మాత్రమే సరిదిద్దగలదు. స్తంభంపై శిల్పం కదలదు గనుక చిత్రం స్పష్టంగా వచ్చింది. అదే 1/13 సెకనులో నిజమైన నర్తకిని చిత్రిస్తే ఆమె చేతులు మసకబారక తప్పదు. పులికాట్ సరస్సుపై ఎగిరే రాజహంసలను అనుసరిస్తూ కెమెరాను ప్రక్కకు తిప్పేటప్పుడు, నిలువు కదలికను మాత్రమే సరిదిద్దే రెండవ పద్ధతిని ఎంచుకోవాలి. లేకుంటే ఉద్దేశపూర్వకమైన ఆ కదలికను కూడా కొన్ని కటకాలు దోషంగా ఎంచి అడ్డుకొంటాయి.

సాయంకాలం ఆ విద్యార్థి రామప్ప చెరువు గట్టుకు చేరాడు. ట్రైపాడ్‌పై కెమెరా బిగించి, సంధ్యాకాంతిలో ఎదుటి కొండలను నాలుగు సెకన్లపాటు చిత్రించాడు. ఇంటికి వచ్చి చూసుకొంటే కొండల అంచులు మసకగా ఉన్నాయి. గాలి లేదు, ట్రైపాడ్ కదలలేదు. అతడు మరచినదల్లా స్థిరీకరణ మీటను ఆపడమే.

దీనికి కారణం సులభగ్రాహ్యం. సెన్సర్లు నిశ్చల స్థితిలోనూ స్వల్పమైన తప్పుడు సంకేతాలను వెలువరిస్తాయి. చేతి వణుకు ముందు అవి లెక్కలోకి రావు. ట్రైపాడ్‌పై అసలు వణుకు లేనందున ఆ సంకేతాలే కదలికగా లెక్కకు వస్తాయి. లేని వణుకును సరిదిద్దబోయి కటకం తానే ప్రతిబింబాన్ని కదుపుతుంది. రోగం లేనివానికి ఇచ్చిన మందు వంటిదది.

తరువాతి కాలపు కటకాలలో పెక్కు ట్రైపాడ్‌ను తామే గుర్తించి తగినట్లు వర్తిస్తాయి. గాలికి ఊగే ట్రైపాడ్‌పైన, ఒంటికాలి స్టాండుపైన ఈ వ్యవస్థ ఉపకరించవచ్చు. కాబట్టి కటకంతో వచ్చే సూచనల పుస్తకాన్ని చదవాలి. ఒకే దృశ్యాన్ని మీట వేసి ఒకసారి, ఆపి ఒకసారి చిత్రించి పోల్చి చూడాలి. పరికరం వాడటం తెలిసినవాడికి దానిని ఆపవలసిన సమయం కూడా తెలియాలి. గడచిన సంధ్య మరల రాదు.

అర్థాలు

కటకం = లెన్స్
నాభ్యంతరం = కటక కేంద్రం నుండి నాభి వరకు గల దూరం
సులభగ్రాహ్యం = తేలికగా తెలియదగినది

సంధులు

నాభ్యంతరం = నాభి + అంతరం – యణాదేశ సంధి
విద్యుదయస్కాంతం = విద్యుత్ + అయస్కాంతం – జశ్త్వ సంధి

అభ్యాసం

1. ప్రతిబింబ స్థిరీకరణ వ్యవస్థ పనిచేసే తీరును వివరించండి.
2. చెరువు గట్టున తీసిన చిత్రం మసకబారడానికి కారణమేమి?
3. 200 మి.మీ. కటకానికి మూడు స్టాపుల సాయం లభిస్తే షట్టరు సమయం ఎంతవరకు పెరుగుతుంది?