తీగ చెప్పే నీటి లెక్క

మా ఊరి చెరువుకు ఒక నీరటికాడు ఉండేవాడు. వానకాలంలో రోజూ పొద్దున్నే కట్ట వెనుక వైపు దిగి మట్టిమీద చెయ్యివేసి చూసేవాడు. పొడిగా ఉంటే సరే. తడి తగిలితే ఊళ్లోకి కబురు పంపేవాడు. కట్ట లోపల నీరు ఏం చేస్తున్నదో అతనికి అరచెయ్యే చెప్పేది. సైన్సు చదువుకుంటున్న నాకు అదే పని చేసే పరికరం ఒకటి గత సెలవుల్లో జూబ్లీహిల్స్‌లో కనిపించింది. దాని రీడింగును పీడనంగా మార్చడంలో నేను చేసిన పొరపాటు మన కాలేజీ మిత్రులకు పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఫిల్మ్‌నగర్ వాలులో ఒక భవనానికి లోతైన సెల్లారు తవ్వుతున్నారు. అక్కడ రీడింగులు రాసే పని దొరికింది. జూబ్లీహిల్స్ అంటే బంగళాలు, స్టూడియోలు అనుకునేవాణ్ణి. గోతిలోకి దిగాక తెలిసింది: పైన మొరం, కింద గ్రానైటు, రాతి పగుళ్ల వెంట జారే వాననీరు. గొయ్యి అడుగున పాలమూరు కూలీలు పనిచేస్తున్నారు. వాళ్ల పక్కన నిలబడ్డ మట్టిగోడ వెనుక నీటి ఒత్తిడి ఎంతో తెలుసుకోవడానికి బోరులో ‘కంపన తంత్రి పీజోమీటరు’ దించి పెట్టారు.

చూడబోతే అది బొటనవేలంత లావు ఉక్కు గొట్టం. ఒక చివర నీటిని మాత్రం లోపలికి రానిచ్చే సన్నరంధ్రాల బిళ్ల, దాని వెనుక పలుచని ఉక్కు పొర, ఆ పొరకు బిగించిన సన్నని తీగ. పక్కనున్న విద్యుదయస్కాంత చుట్ట ఆ తీగను మీటుతుంది. అది సెకనుకు ఎన్నిసార్లు కంపించిందో తిరిగి తానే పట్టి పైకి పంపుతుంది.

ఇందులో కొత్త సూత్రమేమీ లేదు. మా బావ ఫిల్మ్‌నగర్‌లోనే ఒక రికార్డింగు థియేటరులో పనిచేస్తాడు. ఒక సాయంత్రం అక్కడ తంబూరా శ్రుతి చేస్తుంటే చూశాను. బిరడా బిగిస్తే స్వరం పైకి, వదులు చేస్తే కిందికి. తీగ పౌనఃపున్యపు వర్గం దాని బిగువుకు అనులోమానుపాతంలో ఉంటుందని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి పండితుడు మెర్సెన్ చెప్పాడు. పీజోమీటరులో నీరు పొరను లోపలికి నెడుతుంది, తీగ సడలుతుంది, పౌనఃపున్యం తగ్గుతుంది. అంటే నీరు పెరిగితే అంకె తగ్గుతుంది! నేను తప్పింది సరిగ్గా ఇక్కడే.

ఇక లెక్క చూద్దాం.

మొదటిది: పౌనఃపున్యాన్ని వర్గం చేసి 1000తో భాగించాలి. ఈ ఫలితాన్ని ‘డిజిట్లు’ అంటారు. కొన్ని రీడింగు పెట్టెలు ఈ పని తామే చేసి చూపిస్తాయి, అప్పుడు మనం మళ్లీ వర్గం చేయకూడదు.

రెండవది: పరికరాన్ని దించకముందే, నీటి పీడనం ఏమీ లేనప్పుడు, ఒక రీడింగు తీసి రాసిపెట్టుకోవాలి. ఇది సున్నా రీడింగు.

మూడవది: ప్రతి పరికరంతోపాటు వచ్చే కాగితంలో దాని గుణకం ఉంటుంది. ఒకదాని గుణకం మరొకదానికి వాడరాదు.

పీడనం = గుణకం × (సున్నా రీడింగు − ఇప్పటి రీడింగు)

ఉదాహరణకు సున్నా రీడింగు 3000 హెర్ట్జ్ అనుకుందాం. అంటే 9000 డిజిట్లు. ఇప్పుడు 2900 హెర్ట్జ్, అంటే 8410 డిజిట్లు. తేడా 590. గుణకం డిజిట్‌కు 0.1 కిలోపాస్కల్ అయితే పీడనం 59 కిలోపాస్కల్స్. మీటరు ఎత్తు నీటికి 9.81 కిలోపాస్కల్స్ కనుక, పరికరం మీద దాదాపు 6 మీటర్ల నీరున్నట్టు. వర్గం చేయకుండా నేరుగా హెర్ట్జ్‌లతో లెక్కిస్తే కుదరదు. 2900 నుంచి 2800కు దిగితే తేడా 570 డిజిట్లే.

వేడికి కూడా తీగ మారుతుంది కాబట్టి ఉష్ణోగ్రత సవరణ ఉంటుంది. గుణకం డిగ్రీకి −0.05 కిలోపాస్కల్ అయి, ఉష్ణోగ్రత 32 నుంచి 27 డిగ్రీలకు తగ్గితే 0.25 కలపాలి. గాలి పీడనం నీటిమీద పడేచోట దాని మార్పునూ తీసివేయాలి. వాయుగుండం వేళ గాలి పీడనం 0.4 తగ్గితే, రుణం తీసివేత కనుక 0.4 కలుస్తుంది. మొత్తం 59.65 కిలోపాస్కల్స్.

నేను మాత్రం ఇప్పటి రీడింగులోంచి సున్నా రీడింగు తీసేశాను. మైనస్ 59 వచ్చింది. ‘పీడనం తగ్గింది’ అని నోటుబుక్కులో నిశ్చింతగా రాశాను. ముందురోజు రాత్రంతా వాన! సారు పేజీ చూసి, “వాన కురిస్తే నీళ్లు తగ్గినయ్యా, బాబూ?” అన్నారు. ఆ మాటతో నాకు చెమటలు పట్టాయి. వెంటనే కూలీలను గోడ దగ్గరి నుంచి పైకి రప్పించి, నీరు బయటికి పోయే దారులు తెరిపించారు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

మట్టి తన బలంతో నిలబడేది రేణువులు ఒకదాన్నొకటి అదిమి పట్టుకోవడం వల్ల. మొత్తం బరువులోంచి నీటి పీడనం పోగా మిగిలేదే ఆ పట్టు అని 1920లలో కార్ల్ టెర్జాగి వివరించాడు. నీటి పీడనం పెరిగితే పట్టు తగ్గుతుంది. చెరువుకట్టకైనా సెల్లారు గోడకైనా ఇదే న్యాయం. ఆ మైనస్ గుర్తు వెనుక మనుషులున్నారని నాకప్పుడు అర్థమయింది.

ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతంతా నాయినకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “ఖాళీ బండి తూకం ముందే రాసుకోకుంటే వడ్ల తూకం ఎట్ల తెలుస్తది బిడ్డా?” అన్నాడు. సున్నా రీడింగు గురించి ఇంతకన్న బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు నా నోటుబుక్కులో ప్రతి పేజీ పైన సున్నా రీడింగు రాసుకుంటున్నాను. దాని కిందే ఇంకొక వాక్యం: అంకె తగ్గితే నీరు పెరిగినట్టు.