తామరను పెంచు విధము
(సముద్రతీరపు రైతులకు)

ఫిషింగ్ హార్బరు చేరువను, తక్కిన విశాఖపట్టణపు తీరభాగమునను తోటలుగల రైతులు తామరను నాటుటకు ముందు తమ నూతినీటిని నోట వేసికొని చూడవలెను. ఏమాత్రము ఉప్పన తోచినను ఆ నీరు దీనికి తగదు. తామర నిలువనీటిని కోరునే గాని ఉప్పును సహింపదు. అట్టిచోట వాననీటిని నిలువచేసి వాడుట మేలు.

తామరను కలువయని భ్రమపడువారు కలరు. కలువయాకు తొడిమదాక చీలి నీటిపై తేలును. తామరయాకు చీలికలేక పళ్లెమువలె గుండ్రనై, ముదిరిన పిదప నీటికి పైగా లేచి నిలుచును. అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవలో ఇది తనంత పెరుగుట మనవారెరిగినదే.

తొట్టి రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు గలిగి, అడుగున రంధ్రము లేనిదై యుండవలెను. గుండ్రని తొట్టి శ్రేష్ఠము. మూలలున్నచో ప్రాకుచున్న దుంప కొన అందు చిక్కి విరుగును. తొమ్మిదంగుళముల మేర చెరువు ఒండ్రు నింపి, మాఘ ఫాల్గుణములలో దుంపను అడ్డముగా పరచి, మొలక కొన పైకి కనబడునట్లు కప్పవలెను. కొన విరిగిన దుంప చాలవరకు కుళ్లిపోవును. మొదట రెండు మూడంగుళముల నీరు చాలును. ఆకులు లేచినకొలది పెంచవచ్చును. దినమునకు ఆరుగంటల యెండ తప్పక తగులవలెను. నీడలో ఆకులే గాని పూలుండవు.

గింజలతో పెంచగోరువారు పెంకు నొకప్రక్క లోని తెల్లని పప్పు కనబడుదాక రాతిపై అరుగదీసి నీట వేయవలెను. ఈ పెంకు ఎంత గట్టిదనగా, చైనాలో ఎండిన సరస్సు మంటిలో సుమారు 1300 ఏండ్లుండిన గింజ మొలచినదని 1995లో ప్రకటించిరి. అయినను గింజమొక్క తల్లిపూవునే పూయునను నమ్మకము లేదు; పూతకును ఆలస్యమగును.

రేవున దొరకు చేపల తుక్కు మంచి యెరువే. పచ్చిదానిని తొట్టిలో వేసిన నీరు కుళ్లి దుంప చచ్చును. మన్నును ఆకులును కలిపి గోతిలో బాగుగా మ్రగ్గనిచ్చి, మన్ను నింపునప్పుడే అడుగున కొద్దిగా వేయవలెను. ఉప్పుచేపల తుక్కును దరిచేరనీయరాదు.

ఎండిన ఆకులను నీటిమట్టమునకు పైననే కోయవలెను. కాడలలోని గొట్టములగుండా దుంపకు గాలి చేరును. నీటిలోపల కోసినచో వానిలో నీరు నిండును.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. పూలపై ఆశతో వరిపొలములకు నీరిచ్చు చెరువున దీనిని నాటవలదు. దుంపలు ఒండ్రులో నలుదెసల ప్రాకి, ఆకులు నీటినెల్ల కప్పివేయును. రాలి కుళ్లినవి పూడికను పెంచును. పైయాకులు కోసినంత మాత్రమున అది పోదు, దుంపలను త్రవ్వి తీయవలసినదే. అమ్మకమునకు పెంచువారు కాలువతో సంబంధము లేని ప్రత్యేకపు మడుగును గట్లు వేసి యేర్పరచుకొనవలెను.